పెద్దమ్మ వంకర పన్ను

మా బావ పళ్ళ డాక్టరు. ఆయన పీకిన చోట కొత్త పళ్ళు కట్టేది నేను. ఇరవై ఆరేళ్ళుగా ముందుగదిలో ఆయన, వెనకగదిలో నేను, మధ్యలో ఒక తలుపు. నేను కోపమొచ్చి దాన్ని ధడాలున వేసినప్పుడల్లా ఆయన కుర్చీలో ఉన్న మనిషితో, "మా బావమరిది లెండి, కరవడు" అంటుంటాడు.

గురువారాలు ఆయన ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోడు. పొద్దున్నే మడతకుర్చీ స్కూటరుకు కట్టుకుని ఏ బడికో, ముసలివాళ్ళుండే ఏ వీధికో బయల్దేరతాడు. ఫుట్‌బాలంత ప్లాస్టిక్ దవడ ఒకటి పట్టుకుని, చీపురంత బ్రష్షుతో తోముతూ పిల్లల ముందు గంతులేస్తాడు. సాయంత్రానికి నలుగురైదుగురి నోటి అచ్చులు తెచ్చి నా బల్ల మీద పెట్టి, "తొందరేం లేదురా, సోమవారానికి ఇచ్చెయ్" అంటాడు. ఒళ్ళు మండదూ?

"ఊళ్ళో దవడలన్నీ మనమే మొయ్యాలా బావా?" అని అరుస్తాను.

"అరిచావుగా, ఇక పని చూడు" అంటాడు.

నిజం చెప్పొద్దూ, ఆ గురువారం పళ్ళే నేను ఎక్కువ ఒళ్ళు దగ్గర పెట్టుకుని కడతాను. ఈ సంగతి మా బావకు తెలియనివ్వకండి.

మా వీధి చివర ఒక పెదనాన్న, పెద్దమ్మ ఉన్నారు. వరసకే లెండి, చుట్టరికం ఏమీ లేదు. పెదనాన్న వడ్రంగి. మా ఆసుపత్రి తలుపు కూడా ఆయన చేసిందే. నాలుగేళ్ళుగా మతిమరుపు ముదిరింది. వీధి మర్చిపోయాడు, కొడుకుని మర్చిపోయాడు. తను చేసిన తలుపునే తడిమి చూసి, "ఎవడో గానీ పనిమంతుడు" అని మెచ్చుకుంటాడు. మనుషుల్లో ఆయనకు మిగిలింది పెద్దమ్మ ఒక్కతే. ఆమె చేత్తో పెడితేనే తింటాడు.

ఆ పెద్దమ్మకు ఉన్న పళ్ళన్నీ కదిలిపోయాయి. పీకిన రోజే పళ్ళసెట్టు పెట్టేస్తే ఒక్క పూట కూడా బోసినోటితో ఉండక్కర్లేదని మా బావ ముందుగానే అచ్చు తీసుకొచ్చాడు. "ఉన్నవి ఎలా ఉన్నాయో అలాగే కట్టరా" అని మరీ మరీ చెప్పాడు. చూస్తే, ముందు పళ్ళ మధ్య సందు. వాటి పక్కనున్న పన్నేమో ముందుపన్ను మీదికెక్కి కూర్చుంది. అంత వంకర నా చేత్తో కట్టాలా? చూసినవాళ్ళు ఏ వెధవరా ఇది చేసింది అనరూ? తీర్చిదిద్దినట్టు వరసగా కట్టి ఇచ్చాను. మా బావ మొహం చిట్లించాడు గానీ అప్పటికే పెద్దమ్మ పళ్ళు పీకించుకుని కుర్చీలో ఉంది. ఆమె అద్దంలో చూసుకుని, "అమ్మో, పెళ్ళికూతురిలా ఉన్నానే!" అని మురిసిపోయింది. నేను కాలరెగరేశాను.

మూడో రోజు పొద్దున పెద్దమ్మ ఏడుస్తూ వచ్చింది.

"మీ పెదనాన్న నన్ను గుర్తుపట్టట్లేదు నాయనా. 'ఎవరమ్మా నువ్వు, మా ఆవిడ చూస్తే నన్ను చంపుతుంది, బయటికి పో' అన్నాడు. మొదట నవ్వొచ్చింది. మొన్నటి నుంచి నా చేతి ముద్ద ముట్టట్లేదు. మంచినీళ్ళతోనే ఉన్నాడు. గుమ్మంలో కూర్చుని నాకోసం చూస్తున్నాడయ్యా, నేను పక్కనే ఉంటే!"

"గొంతు విని కూడా గుర్తుపట్టలేదా?" అన్నాడు మా బావ.

"ఈ పళ్ళతో మాట కూడా మారిపోయిందిగా. తీసేస్తే ఇంకెవరో ముసల్ది అనుకుంటున్నాడు."

మా బావ నా వైపు తిరిగి, "పాత అచ్చు తియ్యరా" అన్నాడు.

ఇంకెక్కడి అచ్చు? వానలకు మా గుమ్మం ముందు గుంట పడింది. నిన్న గది సర్దుతూ, పాత ప్లాస్టరు అచ్చులన్నీ సుత్తితో చితక్కొట్టి నేనే ఆ గుంట పూడ్చాను. నీళ్ళు నములుతూ చెప్పాను. చెడామడా తిడతాడనుకున్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు. దానికన్నా తిడితేనే బాగుండేది.

"పోనీ, ఫోటో ఏదైనా ఉందా పెద్దమ్మా?"

"నవ్వినప్పుడల్లా చెయ్యి అడ్డం పెట్టుకునేదాన్ని నాయనా. ఏ ఫోటోలోనూ కనపడవు."

ఎంత గింజుకున్నా నాకు ఆ పళ్ళు గుర్తుకు రాలేదు. సందు ఎంత, పన్ను కుడివైపుదా ఎడమవైపుదా? దిద్దాలన్న తొందరే గానీ అవెలా ఉన్నాయో నేను సరిగ్గా చూసిందే లేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

మా బావ లేచి, "చిగుళ్ళకు కొత్త అచ్చు తీస్తా. నువ్వు మైనం మీద పళ్ళు నిలబెట్టి ఉంచు. చూసినవాడొకడున్నాడుగా" అంటూ పని మొదలుపెట్టాడు. అదయ్యాక స్కూటరు మీద వెళ్ళి పెదనాన్నను తీసుకొచ్చి నా స్టూలు మీద కూర్చోబెట్టాడు.

"పెదనాన్నా, ఇవి పెద్దమ్మ పళ్ళు. సరిగ్గా ఉన్నాయా?"

పెదనాన్న చూసి, "ఎవడు చేశాడు? బుద్ధుందా వాడికి?" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మా బావ నా భుజం నొక్కిపట్టాడు.

"వెచ్చబెట్టు" అన్నాడు పెదనాన్న నాతో. స్పిరిట్ దీపం మీద కత్తి కాల్చి మైనం మెత్తబెట్టాను. చొక్కా గుండీ పెట్టుకోవడం కూడా మర్చిపోయిన మనిషి, చెక్క వంపు చూసేవాడిలా ఒక కన్ను మూశాడు. బొటనవేలితో ఎడమపక్క పన్నును ముందుకు తోసి, దాని పక్కదాని మీదికి ఎక్కించాడు. మధ్య సందులో గోరు పెట్టి చూశాడు. ఇంకో వెంట్రుకవాసి జరిపాడు.

"ఆఁ, ఇప్పుడు కూర్చుంది" అన్నాడు.

దాన్ని అలాగే, ఇసుమంత కూడా దిద్దకుండా గట్టి సెట్టుగా చేశాను. మధ్యాహ్నం దాటింది. పెద్దమ్మ పెట్టుకుని అద్దంలో చూసుకుంది. "మళ్ళీ పాత మొహమే వచ్చింది" అని నవ్వింది, అలవాటుగా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

పెదనాన్న ముందుగది బెంచీ మీద కూర్చుని వీధిలోకే చూస్తున్నాడు. ఆమె వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"చెయ్యి తియ్యి పెద్దమ్మా" అన్నాడు మా బావ.

తీసింది. పెదనాన్న తలెత్తి చూశాడు. చూస్తూనే ఉన్నాడు.

"ఎక్కడికి పోయావే ఇంతసేపు? ఆకలేస్తోంది" అన్నాడు.

పెదనాన్నతో పాటు మా బావ తెచ్చిన తిండి డబ్బా మూత తీసింది పెద్దమ్మ. నేను వెనకగదిలోకి పోయి తలుపు దగ్గరికి వేసి, తలుపుకే ఆనుకుని ఏడ్చాను. సంతోషంతోనే ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గేముంది?

కాసేపటికి ముందుగదిలోంచి మా బావ కేక వినిపించింది.

"ఏరా, తలుపు చప్పుడు కాలేదు, ఒంట్లో బాగానే ఉందా?"