ఎండుమిరప లేని ఇల్లు

మా అల్లుడి మీద నాకు అనుమానం మొదలైంది పప్పుచారుతో.

బొంగులూరులో వాళ్లింటికి పోయినప్పుడు మా అంకిత అన్నం పెట్టింది. పప్పుచారులో ఆవాలున్నాయి, జీలకర్ర ఉంది, వెల్లుల్లి ఉంది, కరివేపాకు కావలసినంత ఉంది. ఎండుమిరపకాయ మాత్రం ఒక్కటంటే ఒక్కటి లేదు. నా దగ్గర వంట నేర్చుకున్న పిల్ల ఎండుమిరపకాయ వేయకుండా పోపు పెట్టిందంటే నేను నమ్మను. చెయ్యి కడుక్కునే వంకతో వంటింట్లోకి పోయి డబ్బాలన్నీ మూతలు తీసి చూశాను. కారప్పొడి ఉంది. మిరపకాయలు అసలు ఆ ఇంట్లోనే లేవు.

"ఆయనకు పడదమ్మా," అంది అంకిత.

"కారం పడుతది గాని మిరపకాయ పడదా?"

"వాసన పడది. తిను జర, సల్లారిపోతది."

నా మొహం చూడకుండా మాట్లాడిందంటే అది ఏదో దాస్తోందని లెక్క. చిన్నప్పటి నుంచి దాని సంగతి నాకు తెలుసు.

నేను ఇబ్రహీంపట్నంలో అంగన్‌వాడీ టీచర్ని. రుక్కమ్మ టీచర్ దేవుడొచ్చినా ఆధార్ కార్డు అడుగుతుందని మా వాడలో వేళాకోళం చేస్తారు. చేసుకోనీ. పిల్లవాడు ఆడుతూ పడితే మోకాలు చెక్కుకుపోతుంది, మోచెయ్యి గీరుకుపోతుంది. వీపు మీద వాత తేలితే అది పడిన దెబ్బ కాదని చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఇన్నేళ్లుగా చిన్నపిల్లల ఒళ్లు చూసీ చూసీ నాకు అనుమానం అలవాటైపోయింది.

అల్లుడి పేరు తిరుమల్. సాగర్ రోడ్డు మీద ట్రాక్టర్లు రిపేరు చేసే షెడ్డు ఉంది. తాగడు, పేకాడడు, మాట మెత్తన. ఎవరిని అడిగినా మంచోడనే చెప్తారు. అందరూ ఒకే మాట చెప్పే మనుషులంటే నాకు మొదటి నుంచీ గుబులే.

ఆ పప్పుచారు తర్వాత కళ్లు పెట్టి చూడటం మొదలుపెట్టాను. బీరువా తలుపు మీద పిడికిలంత సొట్ట కనిపించింది. అంకిత ఫోను అద్దం పగిలి ఉంది. ఒకసారి చీర సర్దుకుంటుంటే దాని దండచేతి మీద నీలంగా కమిలిన గుర్తులు చూశాను. బస్సులో రాడ్ తగిలిందంది. రాడ్‌కు వేళ్లుంటాయా?

అల్లుడి తల్లి అనంతమ్మ కూడా వాళ్లతోనే ఉంటుంది. ఆమెను కదిపితే, "మా పిలగాడు బంగారం వదినె. కోపమొస్తె బయటికి వొయ్యి జరసేపు తిరిగొస్తడు, అంతే," అంది. ఆ "అంతే" దగ్గర ఆమె గొంతు సన్నబడింది.

అప్పటి నుంచి నాకు ఒకటే యావ. కూతురు, మూడేళ్ల మనవరాలు నిధి ఆ ఇంట్లో క్షేమంగా ఉన్నారా? లేరని తేలితే ఆ పూటే ఇద్దరినీ మా ఇంటికి తెచ్చేసుకోవాలి. తేలాలంటే అంకిత నోరు విప్పాలి. అది విప్పదు.

తుక్కుగూడలో ఒక పెళ్లికి పోయొచ్చాక నిధికి అన్నం సయించడం మానేసింది. లంగా జాకెట్టు వేసి ముస్తాబు చేస్తే పెళ్లికొచ్చిన వాళ్లంతా బుగ్గలు గిల్లి వదిలారు. ఇక దిష్టి తగలక ఏమవుతుంది? ఆదివారం సాయంత్రం నేనే ఎండుమిరపకాయలు కొంగున కట్టుకుని బొంగులూరు పోయాను. అనంతమ్మ చుట్టాలింటికి పోయింది. తిరుమల్ షెడ్డు నుంచి రాలేదు.

మిరపకాయలు చూడగానే అంకిత మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"వద్దమ్మా. ఆయనొచ్చే యాల్లయింది. మిరపకాయలు కాలిస్తె ఊకోడు."

"ఊకోకుంటె ఏం జేస్తడు?"

ఏం చేస్తాడో చూద్దామనే పట్టుదల నాకు అప్పుడే వచ్చింది. మనవరాలి దిష్టి సగం, అల్లుడి పరీక్ష సగం.

కొబ్బరి చిప్ప గ్యాసు మీద కాల్చి, నిప్పులు పాత పెంకలో వేశాను. నిధిని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఉప్పు, మిరపకాయలు తల చుట్టూ తిప్పి నిప్పుల్లో వేశాను. ఘాటు రాలేదు. దిష్టి గట్టిదైతే మిరపకాయ కాలినా ఘాటు రాదని మాలో నమ్మకం. "చూసినవా? ఎంత దిష్టి తగిలిందో!" అని గర్వంగా చెప్పి, కొంగున మిగిలినవి కూడా ఒక్కసారే పోశాను.

అన్నీ కలిసి అంటుకున్నాయి. గదంతా పొగ కమ్మింది. నిధికి పొలమారి ఊపిరాడలేదు, కళ్ల నుంచి ధారలు. లేవబోతే భుజాలు పట్టుకుని కూర్చోబెట్టాను. "జరసేపు ఓర్చుకో బిడ్డా, అయిపోతది," అన్నాను.

తలెత్తేసరికి వాకిట్లో తిరుమల్ ఉన్నాడు.

అతను అరవలేదు. అరిచి ఉంటే నేను అంత భయపడేదాన్ని కాదు. ఆ మొహంలో మా అల్లుడు లేడు. ఒక్క తన్నుకు పెంక ఎగిరింది, నిప్పులు పోయి అంకిత పాదం మీద పడ్డాయి. నన్ను తోసిన తోపుకు మోచెయ్యి గోడకు కొట్టుకుంది. నిధిని ఒంటి చేత్తో రెక్క పట్టి లాగి, ఎత్తుకుని బయటికి ఉరికాడు. అంకిత కెవ్వుమన్నా వెనక్కి తిరగలేదు.

అంకిత కాలికి నీళ్లు పోసి, దాన్ని నడిపించుకుంటూ వెతుక్కుంటూ పోయాను. ఊరి పక్కన ప్లాట్ల వెంచర్ చివర, హద్దురాళ్ల దగ్గర నేల మీద కూర్చుని ఉన్నాడు. అంగీతో పిల్ల కళ్లు తుడుస్తూ, "తలుపు తెరిసిన బిడ్డా, తలుపు తెరిసిన," అంటున్నాడు. ఇంటి తలుపు అసలు మూసే లేదు. ఎవరితో అంటున్నాడో నాకు అర్థం కాలేదు. నిధి మాత్రం అతని చేతుల్లోంచి జారిపోవాలని గింజుకుంటూ తల్లి కోసం చేతులు చాచి ఏడుస్తోంది. దాని చిన్న దండ మీద ఎర్రగా వేళ్లు తేలి ఉన్నాయి, అచ్చం తల్లికి తేలినట్టే.

నాకు కావలసిన రుజువు దొరికింది. పిల్లను అతని చేతుల్లోంచి తీసుకుని, తల్లీబిడ్డలను ఆటో ఎక్కించి, దవాఖానలో కాలికి కట్టు కట్టించి, ఇబ్రహీంపట్నంలో మా ఇంటికి తెచ్చేశాను.

మర్నాడు పొద్దున్నే అనంతమ్మ వచ్చింది. కూర్చోమంటే నేల మీదే కూర్చుంది.

"వదినె, వాడు మిమ్మల్ని తొయ్యలే. వాళ్ల బాపును తోసిండు."

తిరుమల్ తండ్రి హన్మంత్ పోయి చాలా ఏళ్లయింది. ఇదెక్కడి మాటరా అని చూశాను.

"ఏడేండ్లొచ్చినా వాడు పక్క తడుపుతుండె. అది మాన్పియ్యాలని ఆయన పెంకల మిరపకాయలు కాల్చి, వాని మీదికెళ్లి గొంగడి కప్పి, తలుపేస్తుండె. పొగవెడితె బుద్ధొస్తదని ఊర్ల అందరు అన్నరు. లోపల్నుంచి అమ్మా, తలుపు తియ్యే అని మొత్తుకుంటుండె వాడు."

"నువ్వు తియ్యలేదా?"

"తీస్తె నన్ను గూడ అండ్లనే వెడ్తననెటోడు."

హద్దురాళ్ల దగ్గర అతను తలుపు తెరిసిన అన్నది ఎందుకో అప్పుడు తెలిసింది. దాని వెంటే అనుమానం కూడా లేచింది. కోడలు ఇల్లు వదిలిన మర్నాడే ఈ కథ ఎట్లా బయటికొచ్చింది? కొడుకు కాపురం నిలబెట్టుకోవడానికి తల్లి ఏమైనా చెప్తుంది.

"మరి ఇన్నేండ్లు ఎందుకు చెప్పలే?" అన్నాను.

"ఏమని చెప్పాలె? చిన్నపిలగాడు, మర్చిపోయిండనుకున్న."

ఈ మాట మా సెంటర్లో నేను ఎందరు తల్లుల నోట విన్నానో. చిన్నోడు టీచర్, మర్చిపోతడు అంటారు. నాకు ఆమె మీద జాలీ వచ్చింది, కోపమూ వచ్చింది. కథ నిజమే అయినా నా కూతురి కాలు కాలిన మాట అబద్ధం కాదు. "బిడ్డను పంపనంటె పంప," అని చెప్పి సాగనంపాను.

కొన్నాళ్లకు తిరుమల్ మా సెంటర్ దగ్గరికి వచ్చాడు. పిల్లలు గుడ్లు, అన్నం తిని పడుకున్న వేళ. గేటు దాటి లోపలికి రాలేదు. గొడవకొచ్చాడేమోనని గేటు గొళ్లెం మీద చెయ్యి వేసే మాట్లాడాను.

"ఏం గావాలె?"

"మా అమ్మ మీకు అన్ని చెప్పిందంట గదా అత్తమ్మా. అది జూపించి మాఫీ అడగనీకి రాలే."

"మరెందుకొచ్చినవ్?"

"పొగ జూసిన. మీరు ఓర్చుకో అన్నది ఇన్న. ఆ తర్వాత నాకు ఎరుక లేదు. అంకిత కాలు మీద నిప్పులు పడ్డయని అమ్మ చెప్తెనే తెలిసింది." అతని కళ్లు నిండాయి. నా మనసు మెత్తబడబోతుంటే అతనే అన్నాడు, "ఈ ఏడుపు నమ్మకుండ్రి. మా బాపు గూడ పొగవెట్టినంక నన్ను పట్టుకొని మస్తు ఏడుస్తుండె. మల్ల వెడ్తుండె."

నేను గొళ్లెం మీంచి చెయ్యి తీయలేదు.

"మనసు డాక్టర్ దగ్గర నంబరు తీసుకున్న, పట్నంల. మీరు గూడ రావాలె."

"నేనెందుకు? మీ అమ్మను తీస్కపో."

"అమ్మ దాస్తది. అంకిత గూడ దాస్తది. ఒక్కణ్ణి వోతె నేను తక్కువ జేసి చెప్త. నన్ను నమ్మనిది మీరొక్కరే అత్తమ్మా."

నా బతుకులో నా అనుమానాన్ని బతిమాలి పిలుచుకుపోయిన మనిషి ఇతనొక్కడే. ఇదీ ఒక ఎత్తేమో అనుకుంటూనే బస్సెక్కాను. దారి పొడుగునా అతను కిటికీ వైపు, నేను అతని చేతుల వైపు చూస్తూ కూర్చున్నాం.

డాక్టరమ్మ మా ఇద్దరినీ కూర్చోబెట్టి అన్నీ అడిగింది. పక్క తడపడం, గొంగడి, పొగ, తలుపు, అన్నీ చెప్పాడు. ఎక్కడా తడుముకోలేదు. అప్పుడామె, "భార్య మీద ఎప్పుడన్నా చెయ్యి చేసుకున్నారా?" అంది.

"లేదు మేడం," అన్నాడు. "ఆ ఒక్క దినమే, పొగ జూసినప్పుడు. అంతకుముందు ఎప్పుడు లేదు."

నేను అతని వైపు తిరిగాను. ఎంత సాఫీగా వచ్చింది ఆ మాట! నాకు తెలియకపోతే నేనూ నమ్మేదాన్ని.

"అబద్ధం మేడం," అన్నాను.

మోకాలి మీద అతని పిడికిలి బిగుసుకుంది. నా మోచెయ్యి సంగతి గుర్తొచ్చి కుర్చీ కొద్దిగా వెనక్కి జరుపుకున్నాను. డాక్టరమ్మ కూడా ఆ పిడికిలినే చూస్తోంది.

"అవ్ మేడం. అబద్ధమే," అన్నాడు చివరికి. "మిరపకాయలు, పొగ ఏం లేని నాడు గూడ చేసిన. పక్కింట్ల ఎవరో తలుపు గట్టిగ ఏసిండ్రని దండ పట్టి పిసికిన. పిల్ల పక్క తడిపితె ఫోను ఇసిరిన. అంకితకు తగులుతదని ఎరుకనే, అయినా ఇసిరిన."

అంటే మా నిధి పక్క తడిపినందుకా ఆ ఫోను పగిలింది! లేచి రెండు చెంపలూ వాయించాలనిపించింది, డాక్టరమ్మ ముందు ఉన్నాను కాబట్టి ఆగాను.

డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. చిన్నప్పుడు తప్పించుకునే దారి లేని భయం పడ్డవాళ్లలో కొందరికి పెద్దయ్యాక కూడా ఒళ్లు కాపలా కాస్తూనే ఉంటుందట. చిన్న చప్పుడుకే ప్రాణం మీదికొచ్చిందనుకుని, ఆలోచన కన్నా ముందు చెయ్యి లేస్తుందట. దాన్ని మార్చుకోవచ్చు, టైము పడుతుంది, మానకుండా రావాలి అంది. "ఎందుకు లేస్తోందో మీకు తెలిసింది. లేచిన చెయ్యి బాధ్యత మాత్రం మీదే," అని కూడా అంది. తిరుమల్ తలూపాడు.

బయట బల్ల మీద మందుల కోసం కూర్చున్నాం. అంకిత ఫోన్ చేసింది.

"ఏమన్నరమ్మా? మంచిగ చెప్పిండా? నేను బట్టలు సదురుకోవాల్నా?"

దాని గొంతులో ఆశ ఫోను దాటి పక్కవాళ్లకు కూడా వినిపిస్తోంది. తిరుమల్ నా మొహమే చూస్తున్నాడు. ఆ చూపులో ఎంత ఆశ ఉందో నేను చెప్పలేను. అతను నిజం చెప్పాడు, అదీ నేను అబద్ధమన్నాక చెప్పాడు. నేను లేకపోతే చెప్పేవాడా?

"వద్దు బిడ్డా," అన్నాను. "ఇప్పుడే వద్దు."

అటు నుంచి అంకిత ఏడుపు వినిపించి ఫోను పెట్టేశాను. తిరుమల్ తల వంచుకున్నాడు. పిడికిలి మళ్లీ బిగుసుకుంటుందేమోనని నేను కాచుకునే ఉన్నాను.

"అత్తమ్మా," అన్నాడు, తల ఎత్తకుండానే. "వారం దినాలకు నేనే వొచ్చి పంపమని అడుగుత. మంచిగైన అంట. కాళ్లు మొక్కుత. మీరు పంపకుండ్రి."

"పంప," అన్నాను.