గొట్టంలో ఎవరూ లేరు

పుట్టినరోజు పిల్లాడి నాన్న జారుడుగొట్టంలోంచి ఫిరంగి గుండులా దూసుకొచ్చాడు. దిగినవాళ్ళెవరైనా కింద బంతుల తొట్టిలో మెత్తగా పడాలి. ఈయన మాత్రం తొట్టి మీదుగా ఎగిరి, అవతలున్న స్పాంజి ఏనుగు పొట్టలో తల గుచ్చుకుని ఆగాడు. కళ్ళజోడు బంతుల్లో మునిగిపోయింది.

పిల్లలంతా "మళ్ళీ! మళ్ళీ!" అని చప్పట్లు కొట్టారు.

ఆయన లేచి, మసకమసగ్గా ఎదురుగా కనపడ్డ ఏనుగునే మేనేజరనుకుని నిలదీశాడు. "ఏమండీ, ఇది ఆటస్థలమా, మనుషుల్ని విసిరే యంత్రమా?"

ఏనుగుకి బదులు వాకిట్లో సాక్సుల బుట్ట పెట్టుకుని కూర్చున్న పెద్దావిడే అందుకుంది. "ఎదిగినవాళ్ళకి సిగ్గుండక్కర్లా? అది పిల్లలు జారేది నాయనా!"

ఆవిడ ఆటస్థలం నడిపే మేడమ్‌కి అత్తగారు. సాక్సులు లేకుండా ఎంతటివాడు వచ్చినా గడప దాటనివ్వదు. ఆవిడ కళ్ళెర్ర చేస్తే ఏడ్చే పిల్లలు ఏడుపు మింగేస్తారు, ఏడవని పిల్లలు మొదలెడతారు.

మేడమ్ పరుగున వచ్చింది. ఆయనకి క్షమాపణలు చెప్పి, కళ్ళజోడు వెతికించి, అందరినీ సాగనంపి తలుపు మూసింది. ఆ తర్వాత శుభ్రం చేసే మనిషి వైపు తిరిగింది. ఆమె చేతిలో బకెట్టు లేని క్షణం ఎవరూ చూసి ఎరగరు కాబట్టి ఆమెని అందరూ బకెట్టక్క అంటారు.

"గొట్టానికి కొట్టిన సబ్బుమందు సరిగ్గా కడగలేదు నువ్వు! జిడ్డు మిగిలిపోయింది. అందుకే ఆయన గాల్లో తేలాడు."

"కడిగాను మేడమ్. మందు కొట్టి, పనిచేసేదాకా ఆగి, మంచినీళ్ళతో తుడిచి, మళ్ళీ తుడిచాను."

"మెషీన్లతో కడిగే కంపెనీవాళ్ళు రోజూ ఫోన్ చేస్తున్నారు. సాయంత్రం ఆట మొదలయ్యేలోపు ఇది ఎవరి పనో తేలాలి. తేలకపోతే రేపట్నుంచి వాళ్ళే వస్తారు."

బకెట్టక్క ఏళ్ళ తరబడి ఒకళ్ళ కింద నేలలు తుడిచి తుడిచి, ఇప్పుడిప్పుడే తమ్ముణ్ణి వెంటేసుకుని సొంతంగా పట్టుకున్న మొదటి పని ఇది. ఇది పోతే మళ్ళీ ఆ పాత చీపురే గతి.

తమ్ముడు అప్పటికే స్పాంజిలు సంచిలో సర్దేస్తున్నాడు.

"ఏంట్రా అది?"

"ఎలాగూ పొమ్మంటారు కదక్కా. ముందే సర్దుకుంటే బస్సన్నా దొరుకుద్ది."

"నోర్మూసుకుని తడిగుడ్డ ఇటివ్వు."

గొట్టం మూతిలోకి సగం దూరి, లోపలి ప్లాస్టిక్కు మీద తడిగుడ్డ రుద్దింది. మందు మిగిలితే నురగ రావాలి. నురగ లేదు. గుడ్డకి తెల్లగా మెత్తటి ముద్ద అంటింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే పెళ్ళిపందిట్లో నిలబడ్డట్టు ఘుమఘుమ.

"పౌడరు మేడమ్! ముఖానికి రాసుకునే పౌడరు! ఎవరో గొట్టమంతా చల్లారు."

నిజం తేలిందని ఆమె మురిసిపోయేలోపే మేడమ్ నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఓహో. మరి ఆట లేని వేళ లోపలుండేది మీ అక్కాతమ్ముళ్ళేగా? పిల్లలు జర్రున జారితే శుభ్రంగా కడిగారనుకుంటానని మీరే చల్లారన్నమాట!"

తమ్ముడు నిట్టూర్చాడు. "నురగొచ్చినా బావుండేదక్కా."

వాకిట్లో పెద్దావిడ సాక్సులు జతలు కలుపుతోంది. మామూలుగా ఇలాంటి తగువులో నాలుగు మాటలు వేయందే ఆవిడకి తిన్నదరగదు. ఇవాళెందుకో తలెత్తలేదు. పైగా ఎర్ర సాక్సుకి నీలం సాక్సు జత కలిపింది.

బకెట్టక్క క్షణం ఆలోచించి, మేడమ్ చెవిలో ఏదో చెప్పింది. తర్వాత గొట్టమంతా శుభ్రంగా కడిగింది కానీ, ఆఖర్న పొడిగుడ్డ మాత్రం వేయలేదు. తడిమీద పౌడరు పడితే జారదు సరికదా, బంకలా పట్టేస్తుందని ఆమెకి తెలుసు.

"మేం టీకి వెళ్తున్నాం!" అని హాలు అదిరేలా అరిచింది. బయటి తలుపు ధడాలున వేసి, ముగ్గురూ వెనక తలుపులోంచి పిల్లుల్లా లోపలికొచ్చి బంతుల తొట్టిలో మునిగారు.

"ఇస్త్రీ బట్టలే ఇవి," అని గొణిగింది మేడమ్, గడ్డందాకా బంతుల్లో కూరుకుపోయి.

"బంతులు పొద్దున్నే కడిగినవే మేడమ్, దిగులు పడకండి."

"నాకు తుమ్మొస్తోందక్కా."

"తుమ్మావంటే ఇందులోనే పాతరేస్తా."

అంతలో గొట్టం పైకెక్కే తాళ్ళ నిచ్చెన కిర్రుమంది. ఎవరో ఆగి ఆగి, ఆయాసపడుతూ ఎక్కుతున్నారు. పైనుంచి డబ్బా నొక్కిన చప్పుడు, పుస్సు పుస్సుమని. తర్వాత చిన్నగా, సంబరంగా ఒక "హుయ్!" వినిపించింది.

వెంటనే కీచుమని ఒక పెద్ద మోత. సగం దారిలో ఆగిపోయింది.

మేడమ్ బంతులు చిమ్ముకుంటూ పైకి లేచింది. "ఎవరది లోపల?"

గొట్టం కాసేపు ఆలోచించింది. "ఎవరూ లేరు," అంది, గొంతు మార్చి.

"లేకపోతే మాట్లాడేదెవరు?"



"చూడు," అని మేడమ్ బకెట్టక్కని ముందుకు తోసింది. ఆమె మూతిలో తలపెట్టి చూసింది. తెల్లటి ముద్ద పట్టిన రెండు అరికాళ్ళు. వాటి వెనక పెద్దావిడ ముఖం. నోటిమీద వేలేసుకుని, కళ్ళతోనే బతిమాలుతోంది.

"చెప్పకే తల్లీ," అంది గుసగుసగా. "రోజూ ఒక్కసారే జారతానే. బట్ట పట్టేస్తోందని కాస్త పౌడరేశాను. ఈ సంగతి పొక్కితే ఒక్క పిల్లాడన్నా నా మాట వింటాడా?"

బకెట్టక్క లెక్కవేసుకుంది. చెబితే తన పని దక్కుతుంది. కానీ సాక్సుల బుట్ట దగ్గర సింహంలా కూర్చునే మనిషి రేపట్నుంచి ఊరందరికీ నవ్వులాట అవుతుంది. పైగా అత్తాకోడళ్ళ మధ్య తల దూర్చినవాళ్ళకి రెండువైపులా మొట్టికాయలే.

"ఎవరు?" అని రెట్టించింది మేడమ్.

"చీకటిగా ఉంది మేడమ్. కంటికి ఆనడం లేదు."

"నీ తమ్ముడు ఇక్కడే ఉన్నాడు కాబట్టి వాడు కాదు. నీవాళ్ళే ఇంకెవరో అయ్యుంటారు, అందుకే దాస్తున్నావు. పేరన్నా చెప్పు, బకెట్టన్నా సర్దుకో!"

బకెట్టక్క తల బయటికి తీసింది. ఒక్కసారి గొట్టం వైపు చూసి, వంగి బకెట్టు అందుకుంది. దాని పిడి టంగుమని మోగింది.

ఆ మోత గొట్టంలోకి వెళ్ళింది. మరుక్షణం గొట్టంలోంచి మైకు పెట్టినట్టు ఒక గర్జన వచ్చింది. స్పాంజి ఏనుగు సైతం ఉలిక్కిపడిందేమో అనిపించింది.

"ఆ బకెట్టు కింద పెట్టవే పిల్లా! కోడలా, అద్దంలా కడిగిన మనిషినా నువ్వు పొమ్మనేది? ఇంకా అక్కడే నిలబడి చూస్తావేం, వచ్చి నా కాళ్ళు పట్టి లాగు! ఆ పౌడరు చల్లింది నేను. నేనే, మీ అత్తని!"