మిగిలిన పదహారు మాత్రలు

ఫిజీలోని మా కందావు దీవిలో మావాళ్లు పెట్టిన దుకాణాలు రెండేళ్లు దాటడం అరుదు. సరుకు అమ్ముడుపోక కాదు, అడిగినవాళ్లకు లేదనలేక మూతపడతాయి. ఆ అడగడానికి మా దగ్గర కెరెకెరె అని ఒక పేరుంది. బంధువు వచ్చి ఆ మాట అన్నాడంటే చక్కెరైనా, వలైనా, ఒంటిమీది చొక్కా అయినా ఇచ్చెయ్యాలి. నేను ఇరవై రెండేళ్లుగా దుకాణం నడుపుతున్నాను. దాన్నిబట్టి ఊరు నన్నేమనుకుంటుందో లెక్క వేసుకోవచ్చు.

ఊళ్లో నాకు ఈ మాత్రమైనా పరువు మిగిలిందంటే నా భార్య తరైవీని వల్లే. ముందు గుమ్మంలో నేను లేదన్నది వెనక గుమ్మంలో ఆమె ఇచ్చేది. నాకు తెలుసు. జనం నా మీద పళ్లు నూరకుండా ఉండడానికి అది తక్కువ ఖర్చేనని ఊరుకున్నాను.

జూన్ నెలలో ఆమె ఆడవాళ్లతో కలిసి పగడపు దిబ్బ మీదికి చేపలకు వెళ్లి పిక్క చీరుకుంది. నాలుగు రోజులకు కాలు మోకాలిదాకా ఎర్రబడి వాచింది. నర్సు లోసలీని ఇరవై ఎనిమిది మాత్రలు లెక్కపెట్టి పొట్లం కట్టింది. రోజుకు నాలుగు, ఏడు రోజులు.

"తగ్గిపోయిందని మధ్యలో మానెయ్యకు," అంది. "నొప్పి ముందే పోతుంది. లోపలి పురుగు మాత్రం అంత తొందరగా చావదు."

మూడు రోజుల్లో వాపు దిగింది. నాలుగో రోజు పొద్దున తరైవీని లేచి బట్టలు ఉతికింది. అప్పటికి పన్నెండు మాత్రలు అయ్యాయి. పదహారు మిగిలాయి.

ఆ పొద్దునే మా మేనత్త కొడుకు ఇలైతియా వచ్చాడు. కొండవాలులో అతనికి అయిదేళ్ల యంగోనా తోట ఉంది. నలగ్గొట్టి నీళ్లలో కలిపి తాగే ఆ వేర్ల కోసం రాజధాని సువా నుంచి ఒక వర్తకుడు అప్పటికే రెండుసార్లు వచ్చి పోయాడు.

"ఏం బావా, ఆ దవడలో కొబ్బరికాయ దాచావా?" అన్నాను.

"నవ్వు, నవ్వు. పన్ను నొప్పి. మూడు రోజులైంది కంటిమీద కునుకు లేక. నీలాగా బోసినోరైతే నాకీ బాధ ఉండకపోను."

"నాకు పళ్లున్నాయి బావా. కొరకడానికి నువ్వే ఏనాడూ ఏమీ పెట్టవు."

"అబ్బో, పెట్టేవాళ్ల గురించి నువ్వు మాట్లాడుతున్నావా! మా కోడి నీ వాకిట్లో నాలుగు గింజలు ఏరుకుంటే మా అమ్మకి బిల్లు పంపించావు."

లోపల తరైవీని పకపకా నవ్వింది. అతను అటు తిరిగాడు. "చెల్లెమ్మా, నీ కాలికి ఏదో మందిచ్చారట కదా. కెరెకెరె, ఓ రెండుంటే."

ఆమె నా వైపు చూసింది. ఇవ్వనా, నువ్వు చూడనట్టు ఉంటావా అని అడిగే చూపు అది. ఈసారి నేనే లేచాను. పొట్లం తెచ్చి మొత్తం అతని చేతిలో పెట్టాను.

"అన్నీనా?" ఇలైతియా నోరు తెరిచి, నొప్పికి మళ్లీ మూసుకున్నాడు. "బావా, నీకు ఒంట్లో బాగానే ఉందా?"

"సువా వాడికి మాట ఇచ్చేశావా?"

"ఇంకా లేదు."

"అయితే ముందు పన్ను నయం చేసుకో. తర్వాత మాట్లాడుకుందాం."

"నాకు తగ్గిపోయిందిగా. ఉంచుకుని ఏం చేస్తాం," అంది తరైవీని.

వారం తిరక్కుండా ఆ తోటలో వేర్లన్నీ నాకే అమ్మాడు. పదకొండు బస్తాలు. పదహారు మాత్రలకు ఇంత మంచి బేరం నా జన్మలో కుదరలేదని ఆమెతో అన్నాను కూడా.

బస్తాలు ఓడ ఎక్కించిన మూడో రోజు ఆమెకు మళ్లీ జ్వరం వచ్చింది. ఈసారి కాలు నల్లబడుతూ వాచింది. ఇలైతియా ఆమెను వీపున ఎక్కించుకుని రేవుదాకా మోశాడు. దింపి ఊరుకోక మాతోపాటు సువా ఆసుపత్రికి కూడా వచ్చాడు.

"ముందిచ్చిన మందు పూర్తిగా వాడారా?" అని డాక్టరమ్మ అడిగింది.

"అన్నీ వేసుకున్నా డాక్టరమ్మా. ఒక్కటీ మిగల్చలేదు," అంది తరైవీని.

మంచానికి అటుపక్క ఇలైతియా ఆమె చెప్పులు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమె ఎందుకలా అందో నాకు అర్థమైంది. నిజం చెబితే అతని తల వంగిపోతుంది, నా తలా వంగుతుంది. చెప్పకపోతే ఏం పోతుందో నాకు తెలియదు. తెలిసిన నష్టాన్ని తప్పించుకుని నోరు మూసుకున్నాను.

"ఆ మందుకు ఇది లొంగలేదన్నమాట," అంటూ డాక్టరమ్మ రాసుకుంది. "ఇక పెద్ద మందే ఎక్కించాలి."

పెద్ద మందు పనిచేసింది. తొమ్మిదో రోజుకు కాలు మామూలు రంగుకు వచ్చింది. ఇలైతియా సంతోషంగా ఊరికి వెళ్లిపోయాడు. పదో రోజు ఆమెకు విరేచనాలు పట్టుకున్నాయి. రోజుకు పదిహేనుసార్లు, ఇరవైసార్లు. నీళ్లు కూడా నిలవలేదు.

"మన పేగుల్లో మేలు చేసే సూక్ష్మజీవులు కోట్లలో ఉంటాయి," అని డాక్టరమ్మ నాకు చెప్పింది. "పెద్ద మందు కాల్లోని పురుగులతో పాటు వాటినీ చంపేసింది. ఖాళీ అయిన చోట చెడ్డది ఒకటి పెరిగింది. మందు మార్చాం, చూద్దాం."

వరండాలో నిలబడి అప్పుడు డాక్టరమ్మకు చెప్పాను. పన్నెండే వేసుకుందని, పదహారు నేనే ఇచ్చేశానని.

"అది తెలిసుంటే ముందు ఆ పాత మందే సూదిలో ఇచ్చి చూసేదాన్ని," అంది. "అప్పుడైనా ఇలా అయ్యేది కాదని చెప్పలేను," అని కూడా అంది. నా మీద జాలితో అందని తెలుస్తూనే ఉంది.

తరైవీనికి ఆ సంగతి చెబితే కోపం వచ్చింది. "ఎందుకు చెప్పావు? ఇప్పుడావిడ నన్ను అబద్ధాలకోరనుకుంటుంది." తర్వాత గోడవైపు తిరిగి, గుంట రొట్టె తినాలని ఉందంది.

సీమపనస కాయలను ఆకులు పరిచిన గుంటలో పూడ్చి, పైన రాళ్లు పెట్టి, నెలల తరబడి పులియబెట్టి తీసే పిండి రొట్టె అది. కంపు కొడుతుంది గాని మా పెద్దవాళ్లు కడుపుకు మంచిదని తినేవారు. నా దుకాణంలోకి మైదా, బిస్కెట్లు వచ్చాక ఊళ్లో గుంటలన్నీ మూసేశారు. మా మేనత్త ఒక్కతే ఇంకా పెడుతోంది. ఆమెకు ఫోను చేశాను.

"అత్తా, తరైవీని గుంట రొట్టె అడుగుతోంది. కొంచెం ఓడకి పంపిస్తావా?"

"ఎవరూ, సకియూసావా? నువ్వు అడుగుతున్నావా?"

"అడుగుతున్నా అత్తా."

"ఇటు రండర్రా, సకియూసా కెరెకెరె అంటున్నాడు!" అని పక్కనున్నవాళ్లకు చెప్పి నవ్వింది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. "మరీ అంత బాగోలేదా రా దానికి?"

శుక్రవారం ఓడకి ఆకుల్లో చుట్టిన రొట్టెలు ఎనిమిది వచ్చాయి. "ఇది మందని మాత్రం అనుకోకండి. తినాలనిపిస్తే రెండు ముద్దలు పెట్టండి," అంది డాక్టరమ్మ. తరైవీని రెండు ముద్దలు తింది. ఉప్పు తక్కువైందంది. అవి కడుపులో నిలిచాయి. ఆ సాయంత్రం నేను ఓడ టిక్కెట్లు ఎప్పటికి కొనాలా అని ఆలోచించాను.

శనివారం పొట్ట బిగుసుకుపోయింది. ఆపరేషను చేశారు. ఆదివారం చర్చి గంటలు మోగే వేళకు పోయింది. ఆమె వయసు నలభై ఆరు.

ఆమెను ఊరికి తెచ్చాక జనం చావింటికి తెచ్చే చాపలు, యంగోనా కట్టలు పట్టుకుని వరసగా వచ్చారు. అంతమంది నా గడప తొక్కడం అదే మొదలు. ఆమె కోసం వచ్చారు. అందరూ వెళ్లాక ఇలైతియా నా పక్కన కూర్చున్నాడు.

"బావా, నీకో మాట చెప్పాలి. ఆ మాత్రలు నేను రెండే వేసుకున్నా. మర్నాడే నర్సు పన్ను పీకేసింది. ఇంకేం చేసుకుంటాను? అడిగినోళ్లకి ఇచ్చేశా. వాసెమా చెవిపోటుకి మూడు, పాస్టరుగారి దగ్గుకి నాలుగు. సేమీ అయితే రెండు నీళ్లలో కలిపి పందిపిల్లకి పట్టాడు. అయిదు మా అమ్మ దాచింది, ఎవరికైనా పనికొస్తాయని. అందరికీ చెల్లెమ్మ ఇచ్చిందనే చెప్పా. పైనున్నాయన అది చూడకపోడు."

రెండు, మూడు, నాలుగు, రెండు, అయిదు. మనసులో కూడుకున్నాను. పదహారూ సరిపోయాయి.

అతను నా ముఖంలోకి చూస్తున్నాడు. కళ్లు వాచి ఉన్నాయి. ఆ మాత్రలన్నీ ఆమే వేసుకోవాల్సినవని చెప్పాలనే నోరు తెరిచాను.

"మంచి పని చేశావు బావా," అన్నాను. "ఆ అయిదూ మాత్రం రేపు నర్సుకిచ్చెయ్యమను అత్తని."

"ఎందుకు? బాగానే ఉన్నాయిగా."

"పాతబడి ఉంటాయి."

సరేనని తలూపి, చాపలు లోపల పెట్టడానికి లేచాడు.