రెండు పార్టీల గాజులు

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వీధిలో అశ్వత్థనారాయణ శెట్టిది చిన్న అంగడి. కొత్త బంగారం కొని అమ్మేంత స్తోమత ఆయనకు లేదు. పల్లెల నుంచి ఆడవాళ్లు తెచ్చే తెగిన గొలుసులు, సొట్టపడిన కమ్మలు, అవ్వల కాలం నాటి కడియాలు కరిగించి, ఎవరి బంగారంతో వాళ్లకే కొత్త నగలు చేయించి ఇవ్వడం ఆయన వ్యాపారం. "కొత్త నగ కోసం భూమిని తవ్వే పన్లేదు తల్లీ, మీ అవ్వ పెట్టె తవ్వితే చాలు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. ఆ మాట వినీ వినీ ఆయన భార్య గౌరి, ఆయన నోరు తెరిచేలోగా తానే పూర్తి చేసేది.

ఆ వీధిలో ఒక కట్టడి ఉండేది. పాత బంగారాన్ని తెచ్చినవాళ్ల కండ్ల ముందరే కరిగించాలి. మూస అనే చిన్న మట్టిపాత్రలో వేసి కుంపటి మీద పెట్టినప్పటి నుంచి, ముద్ద బయటికి తీసేదాకా తెచ్చినామె రెప్ప వేయదు. శెట్టిని నమ్మక కాదు. నమ్మినా చూడాల్సిందే.

అవి ఫ్యాక్షన్ రోజులు. జమ్మలమడుగు దగ్గర నల్లబండపల్లెలో గంగులయ్యకూ కుళ్లాయప్పకూ పడదు. ఇద్దరివీ గొర్రెల మందలే, ఇద్దరికీ అంతో ఇంతో సేద్యముంది. ఒకరి పొట్టేలు ఇంకొకరి పొట్టేలు కొమ్ము విరగ్గొట్టిన దగ్గర మొదలైన తగాదా, ఆ పొట్టేళ్లు రెండూ జాతరలో కూరైపోయినాక కూడా చల్లారలేదు. ఒకాయన ఏ పార్టీ అయితే రెండో ఆయన దానికి ఎదురు పార్టీ. ఒకసారి తెలియక ఇద్దరూ ఒకే రోజు ఒకే పార్టీలో చేరినారు. ఒకాయన కడపలో, ఒకాయన హైదరాబాదులో కండువా కప్పించుకున్నారు. మరునాడు పేపర్లో పక్కపక్కన తమ ఫోటోలు చూసుకొని, మధ్యాహ్నం కల్లా ఇద్దరూ రాజీనామా చేసేసినారు.

ఆ ఏడు మాఘమాసంలో ఇద్దరి ఇండ్లలోనూ పెండ్లిండ్లు కుదిరినాయి. గంగులయ్య కూతురిని పులివెందులకు ఇస్తున్నారు. కుళ్లాయప్ప కొడుక్కు కమలాపురం పిల్లను తెస్తున్నారు.

కూతురికి గొలుసు చేయించాలని గంగులయ్య భార్య సంజీవమ్మ పాత నగల మూట తీసుకొని శెట్టి అంగడికి వచ్చింది. తూకం వేసి, మూసలో పోసి, కుంపటి మీద పెట్టినారు. నిప్పు రాజుకునే వేళకు ఆమె జీపు డ్రైవరు లోపలికి ఉరికొచ్చినాడు.

"అక్కా, కుళ్లాయప్ప జీపు వీధి మలుపు తిరిగింది!"

శెట్టి లేచి వాకిట్లోకి తొంగి చూసినాడు. ఆ రెండు పక్షాలూ తన అంగట్లో ఎదురుపడితే, రేపటికి ఆ చోట అంగడి ఉండేదని మనుషులు చెప్పుకోవాల్సి వస్తుంది. గౌరి సంజీవమ్మ చెయ్యి పట్టుకొని వంటింట్లో నుంచి వెనక సందులోకి దాటించింది.

"నా బంగారం?" అంది సంజీవమ్మ.

"నేనుండా కదక్కా, నా కండ్లు నీవే అనుకో."

గౌరి తిరిగొచ్చేసరికి కుళ్లాయప్ప భార్య రామేశ్వరమ్మ బెంచీ నిండుగా కూర్చొని కొంగుముడి విప్పుతా ఉంది. కోడలికి నాలుగు గాజులు కావాలంట. వాకిట్లో ఇద్దరు మనుషులు నిలబడినారు. వాళ్ల నడుముల దగ్గర చొక్కాలు ఎత్తుగా ఉన్నాయి.

"బిన్నా కరిగించు శెట్టీ, నాకు టైము లేదు. నేను చూస్తాండా."

శెట్టి తూకం వేసినాడు. వేసినవాడు వేసినట్టే లేచిపోయి, ఆ తొందరలో ఈ బంగారాన్ని కుంపటి మీద సంజీవమ్మ బంగారమున్న మూసలోనే పోసేసినాడు. గౌరి నోరు తెరిచింది. వాకిట్లో ఎత్తుగా ఉన్న చొక్కాల వైపు చూసి, మూసుకుంది.

ముద్ద బయటికి వచ్చింది. రామేశ్వరమ్మ బుగ్గన వేలు పెట్టుకుంది.

"ఏంది శెట్టీ, నా బంగారం పొంగినట్టుండాదే?"

గౌరి అందుకుంది. "మేలిమి బంగారం పాల మాదిరి పొంగుతాదక్కా. చల్లారితే అణుగుతాది."

రామేశ్వరమ్మ పోయినాక, అవతలి తూకం, ఇవతలి తూకం చీటీల మీద ఉన్నాయి కాబట్టి ముద్దను కోసి ఎవరి పాలు వాళ్లకు తీసినారు. "రోంత కలిస్తే ఏమైంది? బంగారానికి పార్టీ ఉంటాదా?" అన్నాడు శెట్టి, చెమట తుడుచుకుంటా.

"బంగారానికి లేదులే. దాన్ని పెట్టుకునేటోళ్లకు ఉంటాది" అంది గౌరి.

గొలుసు తయారైంది, గాజులు తయారైనాయి, పెండ్లిండ్లు బాగా జరిగినాయి. నెల తిరక్కముందే సంజీవమ్మ అంగడి మెట్లెక్కింది.

"గౌరమ్మా, మా అవ్వ బంగారం ఎర్రగుంటాది. పెండ్లిలో చూస్తే నా బిడ్డ మెడలో గొలుసు పచ్చగుండాది. ఏం చేసినారు?"

"కొత్త మెరుగు కదక్కా..."

"అమ్మవారిశాల ఈడికి కనపడతాండాది. అమ్మవారి మీద ఒట్టేసి చెప్పు."

వేరే దేవుడి పేరయితే గౌరి ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేది. అమ్మవారిశాలలోని వాసవమ్మ మీద అబద్ధపు ఒట్టు వేయడం కోమటింటి ఆడబిడ్డకు చేతకాదు. జరిగింది జరిగినట్టు చెప్పేసింది.

ఆ మాట రెండిండ్లకూ పాకి, పొద్దుగూకక ముందే వీధికి ఆ కొసన ఒక జీపు, ఈ కొసన ఒక జీపు వచ్చి నిలిచినాయి. నడుమ ఉన్న అంగళ్లన్నీ తలుపులు వేసుకున్నాయి. ఒకరున్నప్పుడు ఒకరు లోపలికి రారు గనక, డాక్టరు దగ్గర మాదిరి ఒకరి తర్వాత ఒకరు వచ్చినారు. ముందు గంగులయ్య.

"మా బంగారం మాకు తీసియ్యి శెట్టీ."

శెట్టి తక్కెడ వెనక్కు జరిగినాడు. గౌరి ముందుకు వచ్చింది. "సంగటి కెలికినాక బియ్యం వేరే, రాగిపిండి వేరే తియ్యమంటే యాడ తీస్తామప్పా?"

"అంటే మా అవ్వ బంగారం ఇప్పుడు కుళ్లాయప్ప కోడలి చేతికుండాదా?"

"సగం ఉండాది."

గంగులయ్య కండ్లు ఎర్రబడినాయి. గౌరి ఏదో ఒకటి అనాలి గనక అనేసింది. "నీ సొత్తు యాడికీ పోలేదప్పా. ఆ పిల్ల భద్రంగా ఉన్నన్నాళ్లు నీ బంగారం భద్రంగా ఉన్నట్టే."

గంగులయ్య మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. "అది నిజమే. అయితే ఆ గాజులు అట్లే ఉండాల. వాటి మీద గీత పడినరోజు శెట్టి మెడ మీద గీత పడతాది" అని లేచిపోయినాడు.

తర్వాత కుళ్లాయప్ప వచ్చినాడు. పులివెందులకు పోయిన గొలుసు గురించి అవే ప్రశ్నలు అడిగి, గౌరి దగ్గర అదే జవాబు విని, శెట్టి మెడ గురించి అదే మాట చెప్పి పోయినాడు. ఇద్దరినీ ఒకే అయ్యవారు చదివించినట్టుంది అనుకుంది గౌరి.

ఆ రోజు నుంచి నల్లబండపల్లె నడక మారిపోయింది. కుళ్లాయప్ప కోడలు మారెక్క నీళ్లకు పోతే, గంగులయ్య మనుషులు ఇద్దరు కట్టెలు పట్టుకొని అల్లంత దూరంలో నడిచేవాళ్లు. ఆమె బిందె ఎత్తుకుంటే, "గాజులు బిందెకు తగలనీయొద్దు పాపా" అని కేకేసేవాళ్లు. గంగులయ్య కూతురు పులివెందుల బస్సెక్కితే, కుళ్లాయప్ప మనిషి పెద్దన్న వెనక సీట్లో కూర్చొని, గొలుసు కిటికీ కమ్మీకి చిక్కుకోకుండా దారిపొడుగునా చూసేవాడు. ఆమె నిద్రపోతే పెద్దన్న నిద్రపోయేవాడు కాదు.

ఎలక్షన్లు వచ్చినాయి. గంగులయ్య పార్టీ పెద్దమనిషి జిల్లా నుంచి కారేసుకొని వచ్చి, కుళ్లాయప్ప ఇంటి మీద రెండు నాటుబాంబులు పడితే పోలింగు మనకు అనుకూలంగా ఉంటుందని సెలవిచ్చినాడు.

"ఆ ఇంటి మీద పనికిరాదు" అన్నాడు గంగులయ్య.

"ఏం, భయమా?"

"నా సొత్తుండాది సామీ దాంట్లో. కావాలంటే నీ ఇంటి మీద వేసుకో, అది నీ సొత్తు."

అవతల కుళ్లాయప్ప కూడా తన పార్టీవాళ్లకు ఇంచుమించు ఇదే చెప్పినాడు. నల్లబండపల్లెలో పోలింగు ఉత్త తిట్లతో ముగిసింది. ప్రజల్లో చైతన్యం పెరిగిందని పేపరోళ్లు రాసినారు. ఇదంతా విన్న గౌరి మాత్రం మొగుడి మెడ వైపు చూసి, వాసవమ్మకు ఇంకొక దీపం మొక్కుకునేది. గాజులు ఎన్నాళ్లని గీత పడకుండా ఉంటాయి?

చింతకాయలు వచ్చే కాలానికి మారెక్క కడుపుతో ఉంది, కాళ్లూ చేతులూ వాచినాయి. గాజులు మణికట్టును కరిచి పట్టుకున్నాయి. సబ్బు రాసినారు, ఆముదం రాసినారు, కదల్లేదు. రామేశ్వరమ్మ కోడలిని వెంటబెట్టుకొని శెట్టి అంగడికి వచ్చింది.

శెట్టి కత్తెర తీసినాడు. ఒక చేత్తో కత్తెర, ఇంకో చేత్తో తన మెడ పట్టుకొని అట్లే నిలబడిపోయినాడు.

"గంగులప్ప ఒక మాట ఒప్పుకుంటే..."

"వాళ్లనడిగేదేంది? నా కోడలు, నా గాజులు!"

"సగమే అక్కా" అంది గౌరి మెల్లగా. అని, పక్కనున్న ఎస్టీడీ బూతుకు ఉరికింది.

జీపు వచ్చింది. గంగులయ్య దిగలేదు. వీధికి అవతలి కొసన కుళ్లాయప్ప జీపు అప్పటికే ఉంది గదా. సంజీవమ్మ ఒక్కతే లోపలికి వచ్చి, రామేశ్వరమ్మకు వీపు పెట్టి బెంచీకి ఈ కొసన కూర్చుంది.

"గౌరమ్మా, ఆ యమ్మనడుగు, ఎన్నో నెలంట?"

"ఏడో నెలని చెప్పు గౌరమ్మా."

"ఉప్పు తగ్గించినారా అని అడుగు."

"మా ఇంట్లో ఉప్పు సంగతి ఆ యమ్మకేలని అడుగు!"

"అమ్మా, నొప్పి" అంది మారెక్క, ఇద్దరి నడుమ నుంచి.

సంజీవమ్మ అప్పుడు చూసింది ఆ చేతిని. గాజుల కింద చర్మం నీలంగా కమిలిపోయి ఉంది. లేచి నిలబడింది.

"శెట్టీ! పిల్ల చెయ్యి గుమ్మడికాయ మాదిరి వాచిపోయింటే, నీ మెడ పట్టుకోని నిలబడినావా? కొయ్యి!"

"గంగులప్ప..."

"ఆయన్ను వచ్చి తొడుక్కోమను ఈ గాజులు! కొయ్యి!"

శెట్టి కోసినాడు. ఒక్కొక్క గాజు తెగినప్పుడల్లా ఆయనే ఉలిక్కిపడినాడు. నాలుగోది తెగిన చప్పుడుకు గంగులయ్య ఉండబట్టలేక లోపలికి వచ్చినాడు. బల్ల మీద తెగిన గాజులు చూసినాడు.

"ఎవురు కోసింది?"

శెట్టి తక్కెడ కింద దేనికోసమో వెతుకుతున్నాడు.

"నేను కొయ్యమన్నా" అంది సంజీవమ్మ. కొంగు తీసి మెడ ముందుకు చాపింది. "గియ్యి. ఈడ గియ్యి."

గంగులయ్య ఆ మెడ చూసినాడు, రామేశ్వరమ్మ వైపు చూడకుండా మొగం తిప్పుకున్నాడు, చివరికి పైనున్న ఫ్యాను చూసినాడు. "కోస్తే కోసినారులే. పొడి రాలకుండా చూసుకోండి" అని బయటికి పోయినాడు. తక్కెడ కింద నుంచి శెట్టి పైకి వచ్చినాడు. గౌరి కండ్లు తుడుచుకుంది.

గాజులు పెద్దవి చేయాలంటే ఇంకొంచెం బంగారం కలపాలి. ఆ మాట గౌరి అన్నదో లేదో సంజీవమ్మ ఉంగరం తీసి బల్ల మీద పెట్టింది.

"ఉన్నదాంట్లో సగం నాదే. పెంచేదాంట్లో కూడా సగం నాదేనని చెప్పు గౌరమ్మా."

"మేమేమన్నా గతిలేనోళ్లమా అని అడుగు!" అని రామేశ్వరమ్మ కమ్మలు ఊడదీసింది. "ఆ ఉంగరం కంటే నా కమ్మలే బరువని కూడా చెప్పు."

"తూకమెయ్యమను!"

ఇద్దరూ తక్కెడ మీదికి వంగినారు. మారెక్క విడుదలైన చేతిని రుద్దుకుంటా గౌరిని కొంగు పట్టి లాగింది. "అక్కా, చింతకాయ ఉప్పుకారం తినాలనుంది."

ఆ మాట వాకిట్లో మనిషి విని వీధిలోకి కేకేసినాడు. క్షణంలో చింతకాయల కోసం అటు జీపు కదిలింది, ఇటు జీపు కదిలింది. వీధి ఇరుకు. రెండూ సరిగ్గా నడుమ ముక్కుకు ముక్కు తగిలి ఆగిపోయినాయి. వెనక్కు పొమ్మని వాళ్లు, మీరే పొమ్మని వీళ్లు, హారన్లతో వీధి హోరెత్తిపోతోంది.

గౌరి చీర కుచ్చిళ్లు పట్టుకొని రెండు జీపుల నడుమ నుంచి పక్కవాటుగా దూరింది. మలుపులో చింతకాయలమ్మే ఖాజాబీ గంప ముందు కూర్చొని, "బయ్యమ్మా, రెండు దోసిళ్లు చింతకాయలియ్యి, ఉప్పుకారం వేరే పొట్లం కట్టు" అంది.