శుక్రవారం ఆగని ఫ్యాన్

ప్రవల్లిక చేసిన యంత్రం వారంలో ఆరు రోజులు బుద్ధిగా పనిచేసి శుక్రవారం మాత్రం మొండికేస్తోంది. వరసగా మూడు శుక్రవారాలు హల్వా అడుగంటింది.

చోడవరంలో వాళ్ళది చిన్న హల్వా వంటశాల. అత్తగారు అసిరమ్మది హల్వాకి పేరుమోసిన మాడుగుల. హల్వా ఆమెతోపాటే కాపురానికొచ్చింది. కర్రల పొయ్యి మీద కళాయి తిప్పేది కొడుకు గౌరీశంకర్, పొయ్యి నోటి దగ్గర కూర్చుని గాలి ఊదే ఫ్యాన్‌ని వేస్తూ కడుతూ ఉండేది అసిరమ్మ. పదిహేనేళ్ళు ఆ పొగలో కూర్చుని కళ్ళు పాడుచేసుకుంది. ఇంకా అక్కడే కూర్చుంటే చూపు దక్కదని అనకాపల్లి డాక్టరు ఖరాఖండిగా చెప్పేశాడు.

అందుకే పాలిటెక్నిక్ చదివిన కోడలు నడుం బిగించింది. పొయ్యి గోడలోంచి లోపలికి వేలెడు కడ్డీ ఒకటి దూర్చింది. లోపలి వేడి హద్దు దాటిందని కడ్డీ చెబితే ఫ్యాన్ ఆగుతుంది, తగ్గితే తిరుగుతుంది. మనిషితో పనిలేదు.

"సుక్రోరం లచ్చిందేవి రోజు. పొయ్యికి తీగలేటని కోపమొచ్చుంటాది," అంది అసిరమ్మ మూడోసారి మాడిన కళాయి గోకుతూ. "వచ్చే వారం నుంచి నానే కూకుంటాను."

అత్తగారు అన్నంత పనీ చేసే మనిషి. ప్రవల్లిక తీగలన్నీ విప్పి చూసింది, కరెంటు కొలిచింది. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. కరెంటుకి వారాలూ వర్జ్యాలూ ఏం తెలుస్తాయి? ఏమిటో ఆ మర్మం కనిపెట్టి తీరాలని నాలుగో శుక్రవారం తెల్లారగట్లే లేచి తలుపు వెనక నిలబడింది.

అసిరమ్మ వచ్చింది. చల్లారిన పొయ్యిని లోపలా బయటా ఎర్రమట్టితో అలికింది, పసుపు రాసి బొట్లు పెట్టింది. వారం వారం చేసేదే. చివర్లో చిన్న మట్టిముద్ద తీసి కడ్డీ కొనకి మందంగా పట్టించింది.

"అత్తా! ఏటి సేస్తన్నావు?"

"ఓలమ్మో, అదిరిపోయేను కదే! పాపం సన్న కడ్డీ, మంటలో కాలిపోదేటి? పొయ్యెక్కించే గిన్నెకి మట్టిపూత ఎయ్యమా? దీనికీ అలాగే ఏస్తన్నాను."

ప్రవల్లికకి నవ్వాగలేదు. ఆ పూత దాటి వేడి కడ్డీకి తగిలేసరికి హల్వా మాడేది. సాయంత్రానికి మట్టి బీటలిచ్చి రాలిపోయేది, శనివారం యంత్రం మళ్ళీ బుద్ధిమంతురాలయ్యేది. మట్టి గీకేస్తే చాలు, కూర్చోవలసిన పనిలేదని చెబితే అసిరమ్మ నాలిక కరుచుకుంది.

పనిలో పనిగా వేడి హద్దు ఇంకాస్త సరిచేద్దామని ప్రవల్లిక లెక్కలు రాసుకునే పుస్తకం తెరిచింది.

"అత్తా, ఫ్యాన్ ఎప్పుడు కట్టాలో నీకెలా తెలిసేది? మంట రంగు సూసా?"

"రంగూ లేదు, ఏటీ లేదు. కల్లు మండేవి. ఇంక ఓర్సుకోలేనంత మండితే కట్టీసేదాన్ని. సల్లబడితే మల్లీ ఏసేదాన్ని."

ప్రవల్లిక ఏమీ రాయలేకపోయింది. ఇన్నేళ్ళూ తామంతా లొట్టలేసుకు తిన్న హల్వా ఆ కళ్ళ మంట మీద ఉడికిందా అనిపించి ఏడుపొచ్చింది. అత్తగారిని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి వీధి అరుగు మీద కూర్చోబెట్టి, తనే వచ్చి కడ్డీ మీది మట్టి గీకేసి పొయ్యి ముట్టించింది.

మంట పుంజుకుంది. కళాయిలో గోధుమపాలు కుతకుతమన్నాయి. కాసేపటికి ఫ్యాన్ హోరు దానంతటదే ఆగింది.

"ఎవులి కల్లు మండేయే?" అరుగు మీంచి కేకేసింది అసిరమ్మ.

"ఎవులియీ మండలేదత్తా," అంది ప్రవల్లిక.