ఎడమది, కుడిది, మధ్యలో తీగ

పొద్దున ఎనిమిదింపావుకి కాలేజీ గేటు దాకా ఆ పిల్ల ఒక్కతే. గేటు దాటి పదడుగులు వేస్తే దారి చీలుతుంది. ఎడమకి కంప్యూటర్ సైన్సు, కుడికి ఎలక్ట్రానిక్స్. అక్కడ ఆగి, బ్యాగు భుజం మార్చుకుని, ఇద్దరయ్యేది. ఒకతి ఎడమ మెట్లు ఎక్కేది, ఇంకొకతి కుడి వరండా పట్టేది. రెండు డిగ్రీలు ఒకేసారి చదివేవాళ్లకి ఇది మామూలే. తొమ్మిదింటికి అటూ క్లాసే, ఇటూ క్లాసే. అలాంటి టైంటేబుల్ వేసినవాళ్లు మనిషి ఒక్కడిగా ఎలా మిగులుతాడనుకున్నారో వాళ్లకే తెలియాలి.

వాచ్‌మన్‌ బాధల్లా ఒక్కటే. "ఇద్దరికీ కలిపి ఒకటే ఐడీ కార్డేంటమ్మా? ఎవరిది చూడను?"

"బయటికెళ్లేటప్పుడు ఒక్కదాన్నే కదా అన్నా."

"అదీ నిజమే," అని తల గోక్కునేవాడు.

సాయంత్రం అదే చోట కలిసిపోయి, ఒక్కతే బస్సెక్కేది. ఈ వారం మాత్రం కలవలేదు. ఇద్దరూ చెరో సీట్లో మొహాలు తిప్పుకుని కూర్చుని, రెండు టిక్కెట్లు తీసుకుని ఇంటికొస్తున్నారు.

గొడవంతా చివరి సంవత్సరం ప్రాజెక్టు దగ్గర. వాళ్లమ్మ బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకి చేతులు అతికించి కుడుతుంది. ఆరు నెలల కిందట సూది ఆమె చూపుడు వేల్లోంచి దిగింది. ఒక పట్టీ వేసి మళ్లీ అదే మిషన్ ముందు కూర్చోబెట్టారు. సూపర్‌వైజరు రిజిస్టర్లో 'నిర్లక్ష్యం' అని రాశాడు. వేగం నిర్ణయించేది యజమాని, వేలు తెగితే తప్పు మాత్రం వేలిది! కుడిది ఆ మాట క్యాంటీన్లో బల్ల గుద్ది మరీ చెప్పింది. ఎడమది గుద్దలేదు కానీ, ఆ రోజే ప్రాజెక్టు పేరు రాసిచ్చింది. సూది ముందు కంటికి కనిపించని కాంతి గీత ఒకటి. వేలు దాన్ని దాటితే మిషన్ ఆగాలి. సర్క్యూట్ కుడిది, కోడ్ ఎడమది.

మిషన్ ఆగేది, వేలు లేనప్పుడు కూడా. ట్యూబ్‌లైటు వేస్తే ఆగేది, పక్కన ఎవరైనా చెయ్యి ఊపితే ఆగేది. ఒక్కోసారి కాంతి గీతకి పెన్సిలు అడ్డం పెట్టినా ఆగేది కాదు.

ప్రాజెక్టులు చూసే పెద్దసారు రెండు విభాగాలకీ కలిపి ఒకే మాట చెప్పాడు. "శుక్రవారం పనిచేయించి చూపించు. లేదంటే ఒక డిగ్రీ వదులుకో."

వదులుకోవడమంటే ఏమిటో అందరూ చూసిందే. పోయినేడు ఒక సీనియర్ ఫిజిక్స్ వదిలేశాడు. అతనిలో ఒకడు మెట్ల మీద కూర్చుని పలచబడుతూ పలచబడుతూ మధ్యాహ్నానికి లేకుండా పోయాడు. మిగిలినవాడు ఇప్పటికీ రెండు టీలు చెప్పి, రెండోది చల్లారేదాకా చూస్తూ కూర్చుంటాడు.

గురువారం సాయంత్రం అమ్మ పని నుంచి వచ్చేసరికి వంటింటి బల్ల మీద బోర్డు, దానికి చెరోవైపు చెరొకతి.

"నీ టంకమే సరిగ్గా అంటలేదు."

"నా టంకాన్ని అనకు. నీ కోడ్ చూసుకో. పొగరంతా కీబోర్డు మీదే."

"ఇవాళ కూడా కలవలేదా?" అంది అమ్మ చెప్పులు విడుస్తూ. "అయితే కంచాలు రెండు పెట్టాలి."

"అమ్మా, శ్రమని ముక్కలు చేసినవాళ్లే మనిషినీ ముక్కలు..." కుడిది మొదలెట్టింది.

"ముందు ఆ బోర్డు ముక్క తియ్యవే, కంచం పెట్టాలి."

ఎడమది నెమ్మదిగా అడిగింది. "రేపు ఒకరిని వదులుకోవాల్సి వస్తే, ఎవరిని వదులుకుంటావమ్మా?"

అమ్మ చేతిలో కంచం కింద పెట్టింది. కుర్చీ లాక్కుని వాళ్లిద్దరి మధ్యా కూర్చుంది.

"మా దగ్గర చొక్కా చేతులు కత్తిరించేది ఒకరు, బాడీ కత్తిరించేది ఇంకొకరు. కుట్టుకి జాగా వాళ్లు వదిలారనుకుని వీళ్లు వదలరు, వీళ్లు వదిలారనుకుని వాళ్లు వదలరు. నూరు చొక్కాలు చంకలో పట్టేస్తాయి. తిట్లేమో కుట్టిన నాకు." బోర్డు మీద సన్నటి పసుపు తీగని వేలితో చూపించింది. "ఇది ఎవరిది?"

"సెన్సార్ నుంచి చిప్‌కి వెళ్తుంది," అంది కుడిది. "ఏ సంకేతమూ లేనప్పుడు అది ఊగిసలాడకుండా పట్టి ఉంచడానికి ఒక రెసిస్టర్ కావాలి. అది చిప్ లోపలే ఉంటుంది. కోడ్‌లో ఒక్క లైను రాస్తే ఆన్ అవుతుంది. అందుకే నేను బయట పెట్టలేదు."

ఎడమది కోడ్ తెరిచి చూసింది. "నువ్వు బోర్డు మీద పెట్టావనుకున్నా. నేను ఆ లైను రాయలేదు."

మూడు వారాలుగా ఆ తీగని పట్టుకున్నవాళ్లే లేరు. గాలికి ఊగే దారంలా, ఎవరి చెయ్యి దగ్గరికొస్తే వాళ్ల మాట వింటోంది.

ఎడమది ఆ లైను రాసింది. కుడిది ఊరుకోలేక బోర్డు మీద కూడా ఒక రెసిస్టర్ అతికించింది. "రెండు వైపులా జాగా వదిలితే నష్టం లేదు కదమ్మా?"

"కాస్త వదులైనా పర్లేదు, తొడుక్కోవచ్చు," అంది అమ్మ.

శుక్రవారం ల్యాబులో పాత కుట్టుమిషన్ గిర్రున తిరుగుతోంది. పెద్దసారు పెన్సిలు పెట్టాడు. ఆగింది. లైట్లు వేసి ఆర్పించాడు. మిషన్ తన మానాన తిరిగింది.

"పెన్సిలుకి సరే. రేపు మీ అమ్మ వేలు పెట్టేది దీని ముందే కదా," అన్నాడాయన. "నీ వేలు పెట్టగలవా?"

ఎడమది చెయ్యి చాపింది. నిన్నటిదాకా ఆ టంకాన్ని నమ్మనన్నది అదే. "ఆగవే, నేను పెడతా," అంటూ కుడిదీ చాపింది. రెండు చేతులు బయల్దేరాయి. సూది దగ్గరికి చేరింది ఒకటే. మిషన్ టక్కున ఆగింది. సూది మొన గోరుకి వెంట్రుకంత పైన నిలబడింది. దాని ముందు ఒకే పిల్ల.

పెద్దసారు రెండు రిజిస్టర్లూ తెరిచాడు. "ఎందులో రాయను?"

"రెండింట్లోనూ రాయండి సార్. పేరు నాదే."

ఆయన రాసి, రెండింట్లోనూ సంతకం పెట్టాడు.

సోమవారం అమ్మ టీ విరామంలో ఎవరినీ అడక్కుండా, పిల్ల చేసిచ్చిన బోర్డు పెట్టెని తన మిషన్‌కి బిగించుకుంది. షిఫ్టు ముగియబోతుండగా సూపర్‌వైజరు వచ్చి నిలబడ్డాడు.

"నీ మిషన్ ఇవాళ రెండుసార్లు ఆగింది."

"ఆగింది సార్." ఆమె రెండు చేతులూ ఎత్తి చూపించింది. "పదీ ఉన్నాయి, చూసుకోండి."

అతను ఏదో అనబోయాడు. అప్పటికే వెనక వరసల్లో మిషన్లు ఒక్కొక్కటే ఆగి, ఆడవాళ్లు లేచి నిలబడుతున్నారు. అతను రిజిస్టరు మూసి వెళ్లిపోయాడు. పక్క మిషన్ ఆమె గొంతు తగ్గించింది.

"అక్కా, నాకూ ఒకటి కావాలి. మీ అమ్మాయికి చదువుతో తీరికెక్కడుంటుందిలే, ఎప్పటికవుతుందో..."

"తీరికకేం? ఇద్దరున్నారుగా," అంది అమ్మ. "ఎల్లుండికి తెస్తా. నీకొకటి, నీ వెనకావిడకొకటి."