ముసుగు అంచు పట్టుకున్నవాడు

నా నోటికి అడ్డూ ఆపూ లేదని మా కొండ మీద అందరికీ తెలుసు. ఆ నోటితోనే ఆ రోజు పొద్దున నా కొడుకు తోర్యాలైని తిట్టి పంపాను.

"మీ నాన్నని చంపినవాడి కొడుకు దర్జాగా తిరుగుతున్నాడు. నీకు చేతకాకపోతే చెప్పు, నా గాజులిస్తా. తొడుక్కుని ఇంట్లో కూర్చో!"

వాడు తుపాకీ తీసుకుని వాగు వైపు దిగిపోయాడు.

మధ్యాహ్నం మంచు మొదలైంది. నేను తందూరులో రొట్టెలు కాలుస్తుంటే నీలం శాలువా కప్పుకున్న ఒక ఇరవై ఏళ్లవాడు తలుపు తోసుకుని వచ్చాడు. వాణ్ణి నేనెప్పుడూ చూడలేదు. వచ్చీరాగానే నా ముసుగు అంచు పట్టుకున్నాడు.

"అమ్మా, నన్ను తరుముతున్నారు. నీ ఇంట్లో చోటివ్వు."

మా కొండల్లో ఆడదాని ముసుగు పట్టుకుని శరణు అడిగినవాణ్ణి గెంటేస్తే ఇక ఆ ఇంటికి పరువేముంది? తలుపు గడియ పెట్టాను.

"ఇక భయం లేదులే. నిన్ను తరిమినవాడికి ఈ తలుపు తియ్యను."

"నీ సొంత మనిషైనా?"

"నా కడుపున పుట్టినవాడైనా సరే. ప్రశ్నలాపి తిను."

మంచం మీద కూర్చోబెట్టి రొట్టె, టీ ఇచ్చాను. కప్పు పట్టుకున్నాడు గానీ తాగలేదు.

"ఏం, మా టీ దొరగారికి నచ్చలేదా?" అన్నాను. నవ్వాడు. వాడి శాలువా నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. అంత వేడి పక్కన కూర్చున్నా తడి ఆరడం లేదు.

అంతలో తలుపు దబదబా మోగింది. తోర్యాలై!

"అమ్మా, తియ్యి! పనైపోయింది. వాడి అన్నలు వెంటపడ్డారు, త్వరగా!"

"నువ్వు కాల్చినవాడు చూడ్డానికి ఎలా ఉన్నాడ్రా?"

"ఇప్పుడా అడిగేది? నీలం శాలువా. ఒక్క తూటాకే వాగులో పడ్డాడు. తియ్యవే!"

వెనక్కి తిరిగాను. వాడు నన్నే చూస్తున్నాడు.

"బాబూ, నాకు వాడొక్కడే," అన్నాను. "నీ కాళ్లు పట్టుకుంటా. నా మాట నాకు తిరిగిచ్చెయ్."

"మాటిచ్చావుగదమ్మా," అన్నాడు. గొంతులో కోపం కూడా లేదు.

గడియ మీద చెయ్యి వేశాను. నా ప్రాణమంతా తలుపు అవతలే ఉంది. ఎందుకన్నానురా దేవుడా అంత పెద్ద మాట! ఎంత ఏడ్చినా, ఆ చెయ్యి గడియ తియ్యలేదు.

"అమ్మా, నేనే..." అన్నాడు తోర్యాలై.

రెండుసార్లు తుపాకీ పేలింది. ఆ తర్వాత బయట ఏ చప్పుడూ లేదు.

ఎంతసేపటికో మంచం వైపు చూశాను. ఇద్దరు కూర్చుని ఉన్నారు. శాలువావాడి భుజానికి భుజం ఆనించి నా కొడుకు. జుట్టు నిండా మంచు.

ఇంకో కప్పులో టీ పోశాను. నా కొడుకు చేతికిచ్చాను.

"తాగరా నాన్నా," అన్నాను.

వాడు తాగలేదు.